పన్నెండు తొనల గ్లోబు: చెడిపోయిన పనులతో సహా

రెండు గ్లోబులు, ఒకటి భూమిది, ఒకటి ఆకాశానిది. ఒక్కొక్కటి 24 సెం.మీ. వ్యాసం. పదహారో శతాబ్దపు పటాల తయారీదారు గెరార్డ్ మెర్కేటర్ 1541లో భూగోళాన్ని, 1551లో దానికి జోడీగా ఖగోళాన్ని చేసిన పద్ధతి ఇది: లోపల బోలుగా ఉండే కాగితపు బంతి, దానిపై సుద్ద పూత, ఆ పైన అచ్చు వేసిన కాగితపు తొనలు, అంటే బత్తాయి తొన ఆకారపు ముక్కలు. ఆయన గ్లోబులు దాదాపు 41 సెం.మీ. ఉండేవి. నా ఇంట్లో బల్ల చిన్నది కాబట్టి 24 దగ్గర ఆగాను. ఈ పరిమాణంలో భూమి సుమారు 5 కోట్ల 30 లక్షల వంతుకు తగ్గుతుంది.

పని జూన్‌లో కాకినాడలో మొదలైంది. ఆ నెలలో ఎవరూ మొదలుపెట్టకండి. కారణం రెండో దశలో ఉంది.

మొదటి దశ: ఫుట్‌బాల్ అచ్చు (వదిలేసింది)

అందరూ చేసే తప్పే నేనూ చేశాను. గాలి నింపిన ఫుట్‌బాల్ మీద వార్తాపత్రిక పేలికలు మైదా గంజితో 24 పొరలు అంటించాను. ఆరాక మధ్యకు కోసి బంతిని బయటికి తీశాను. మూడు దిక్కుల్లో చుట్టుకొలత తీస్తే 704, 711, 717 మి.మీ. వచ్చింది. అంటే వ్యాసంలో నాలుగు మిల్లీమీటర్ల తేడా. సుద్ద పూతతో సరిచేయవచ్చు అనిపిస్తుంది కానీ కుదరదు. గుండ్రన తేవడానికి ఒకవైపు రెండు, ఇంకోవైపు ఆరు మి.మీ. పూత వేయాలి. అప్పుడు గోళం ఒక వైపుకు బరువెక్కుతుంది.

ఆర్యభటుడు 499లో ఆర్యభటీయం చివరి భాగమైన గోళపాదంలో ఈ సంగతే చెప్పాడు. చెక్కతో చేసిన గోళం అన్ని వైపులా గుండ్రంగా, అన్ని వైపులా సమాన బరువుతో, తేలికగా ఉండాలట: ‘సమగురుం లఘుం గోళం’. పాదరసం, నూనె, నీరు వాడి దాన్ని కాలంతో సమానంగా తిప్పమన్నాడు. గుండ్రదనం, సమాన బరువు అని రెండింటినీ విడివిడిగా ఎందుకు చెప్పాడో ఫుట్‌బాల్ పెంకు చేతిలో పట్టుకున్నాకే అర్థమైంది.

ఇప్పటికి: 9 గంటలు, 310 రూపాయలు. మిగిలింది: చెత్తబుట్టలోకి పెంకు.

రెండో దశ: అర్ధగోళపు అచ్చు, కాగితపు పెంకు

న్యూరెంబర్గులో మార్టిన్ బెహైమ్ 1492లో చేయించిన గ్లోబుకు మట్టి అచ్చు వాడారు. ఈనాటి దాకా మిగిలిన భూగోళాల్లో అదే పాతది, దాదాపు 51 సెం.మీ. ఉంటుంది. కొలంబస్ ఇంకా తిరిగి రాలేదు కాబట్టి అందులో అమెరికా లేదు. నేను మట్టి బదులు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ తీసుకున్నాను.

1. ప్లైవుడ్ పలక మధ్యలో నిలువుగా 8 మి.మీ. ఇనుప కడ్డీ దిగ్గొట్టాను.
2. 115 మి.మీ. వ్యాసార్ధంతో పావు వృత్తం కోసిన అల్యూమినియం రేకును ఆ కడ్డీ చుట్టూ తిరిగేలా బిగించాను.
3. లోపల ఇటుక ముక్కలు పేర్చి, పైన ప్లాస్టర్ పోస్తూ రేకును తిప్పుతూ పోయాను. నాలుగు విడతల్లో నునుపైన అర్ధగోళం తయారైంది.
4. ఆరాక లక్క వార్నిషు రెండు పూతలు, దాని మీద సబ్బు నీళ్లు.

ఒకే అచ్చు మీద రెండు అర్ధగోళాలు తీయాలి. అందువల్ల అచ్చులో చిన్న తప్పు ఉన్నా రెండు సగాల్లో ఒకేలా వస్తుంది. సగాలను కలిపేటప్పుడు ఇది ఎంతో మేలు.

గంజికి అర కిలో మైదాకు చెంచాడు మైలుతుత్తం కలిపాను. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండా చేసే పనే ఇది. మైలుతుత్తం విషం కాబట్టి చేతికి తొడుగు వేసుకోండి, ఆ గిన్నెను వంటగదిలోకి తీసుకువెళ్లకండి. అయినా మొదటి పెంకుకు బూజు పట్టింది. జూన్ చివర ఆగకుండా మూడు రోజులు వాన పడింది, పెంకు ఆరలేదు. తొందరపడి తడిగానే అచ్చు నుంచి ఊడదీశాను. మూడో రోజుకు అంచు కోడిగుడ్డు ఆకారంలోకి తిరిగింది: ఒకవైపు 231, అడ్డంగా 226 మి.మీ.

మార్చింది: రోజుకు ఆరు పొరలకు మించి వేయలేదు. మధ్యలో ఫ్యాను గాలి, చివరి పొర తరువాత అచ్చు మీదే నాలుగు రోజులు. రెండో పెంకు అంచు 230, 230.5. మందం 2.5 మి.మీ.

లోపల ధ్రువం నుంచి ధ్రువానికి టేకు కర్ర నిలబెట్టి, రెండు సగాలను దానికి మేకులతో బిగించాను. భూమధ్యరేఖ వెంట సూది దారంతో కుట్టాను. పాత గ్లోబులు విప్పి చూసినవారు ఇలాంటి కుట్లు చూశారు. కుట్టు గాడిలో మక్కు కూరాను. కొండపల్లి బొమ్మలవారు అతుకులకు వాడే మక్కే, చింతగింజల గంజిలో రంపపు పొట్టు కలిపినది. మార్కెట్లో దొరికే చెక్క పుట్టీ కన్నా ఇది నాకు నచ్చింది. ఆరాక కాగితంతో పాటే కదులుతుంది, పగలదు.

ఈ దశ: 16 గంటలు, 870 రూపాయలు. ఇప్పటికి: 25 గంటలు, 1,180 రూపాయలు.

మూడో దశ: సుద్ద పూత, బరువు సరిచేయడం

ఎముకల జిగురు ఒక వంతు, నీళ్లు పది వంతులు. నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి వేడి చేయాలి. మరిగితే జిగురు పట్టు పోతుంది, ఒకసారి మరిగించి పారబోశాను. అందులో సుద్దపొడి దోసెపిండి అంత చిక్కగా అయ్యేదాకా కలిపాను.

గోళాన్ని దాని ఇరుసు మీద అడ్డంగా పెట్టి, 240 మి.మీ. వ్యాసంతో అర్ధవృత్తం కోసిన ఇత్తడి రేకు ముందు తిప్పాలి. ఎక్కువైన సుద్దను రేకు గీకేస్తుంది, పల్లాల్లో మాత్రమే నిలుస్తుంది. మొదటి పూతే 2 మి.మీ. వేశాను. మర్నాటికి ఎండిన చెరువులా నెర్రెలు విచ్చింది. గీకేసి అర మి.మీ. చొప్పున ఐదు పూతలు వేశాను. మొదటి రెండింటిలో గోనెసంచి నారను సన్నగా కత్తిరించి కలిపాను. నెర్రెలు ఆగాయి.

చివరి గరుకు కాగితం తరువాత కొలతలు (సన్నని కాగితపు పట్టీ చుట్టి, దాన్ని ఉక్కు స్కేలు మీద పరచి తీసినవి):

భూమధ్యరేఖ చుట్టూ 752 మి.మీ.
ధ్రువాల మీదుగా 751, మరో దిక్కున 753 మి.మీ.
బరువు 1,130 గ్రాములు.

అనుకున్న 754 రాలేదు. దాన్ని సాధించడానికి మరో పూత వేయలేదు. గోళం ఎంత వచ్చిందో తొనలు అంతకే గీయాలి. తొనలు ముందుగా అచ్చు వేయించి గోళాన్ని వాటికి సరిపెట్టాలని చూస్తే జీవితకాలం పడుతుంది.

ఇక బరువు. ఇరుసు చివరలను రెండు కత్తి అంచుల మీద ఆనిస్తే గోళం ఊగి ఊగి ప్రతిసారీ ఒకే చోట ఆగింది. అడుగున ఉన్నది బరువైన వైపు. దానికి ఎదురుగా పైభాగాన మైనం అంటిస్తూ పోయాను. 17 గ్రాముల దగ్గర గోళం ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. లోపలి గోడ కేంద్రానికి కాస్త దగ్గర కాబట్టి లోపల 18 గ్రాములు కావాలి. పాత పనివాళ్లు గోళం మూసేలోపే లోపల సీసపు గుండ్ల సంచి అంటించేవారు. నేను మూసేశాక గుర్తొచ్చింది. 12 మి.మీ. రంధ్రం చేసి, వలలకు కట్టే సీసపు గుళ్లను గుడ్డ మూటగా చుట్టి, జిగురుతో లోపలి గోడకు అంటించి, కన్నం మక్కుతో పూడ్చాను. మూత వేసే ముందు ఒకసారి బరువు చూసుకుంటే ఈ కోత ఉండదు. అయితే సుద్ద తరువాత మళ్లీ ఎలాగూ చూడాలి కాబట్టి కన్నం తప్పదనే నా అనుమానం.

ఈ దశ: 22 గంటలు, 460 రూపాయలు. ఇప్పటికి: 47 గంటలు, 1,640 రూపాయలు.

నాలుగో దశ: తొనలు, మొదటిసారి (పీకేసింది)

బత్తాయి తొన పైతొక్కను బల్ల మీద పరిచినట్టు ఉంటుంది ఒక్కో ముక్క. పన్నెండు తొనలు, ఒక్కొక్కటి 30 డిగ్రీలు. 1507లో మార్టిన్ వాల్డ్‌సీముల్లర్ చెక్క అచ్చుతో వేసిన తొనలూ పన్నెండే. అమెరికా అన్న పేరు గ్లోబు మీదికి ఎక్కింది ఆ కాగితంతోనే. అవి అంటిస్తే పన్నెండు సెం.మీ. లోపు బంతి అవుతుంది.

తొన వెడల్పు ఏ అక్షాంశం దగ్గరైనా మధ్య వెడల్పును ఆ కోణపు కొసైన్‌తో గుణిస్తే వస్తుంది. 754 మి.మీ. చుట్టుకొలతకు నేను గీసినవి:

0 డిగ్రీలు: 62.8
30 డిగ్రీలు: 54.4
45 డిగ్రీలు: 44.4
60 డిగ్రీలు: 31.4
70 డిగ్రీలు: 21.5

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. బల్ల మీద తొన నడిమి గీత 377 మి.మీ. ఉంటే, వంపు తిరిగిన అంచు 383 దాటుతుంది. గోళం మీద రెండూ ఒకే పొడవు ఉండాలి. ఆ ఆరు మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? తడిసిన కాగితం నడుమ సాగి, అంచు కుంచించుకుపోవాలి. తొనలు పద్దెనిమిది చేస్తే తేడా మూడు మి.మీ. లోపే, కానీ అతుకులు ఆరు పెరుగుతాయి. పన్నెండే మంచిది.

ఏం చెడిందో వరుసగా:

1. ఇంట్లోని ఇంక్‌జెట్ రంగు గంజి తగలగానే కారిపోయింది. లేజర్ ముద్రణకు మారాను.
2. ముద్రించిన దుకాణంలో యంత్రం పేజీకి సరిపెట్టుకుని అన్నీ 97 శాతానికి కుదించింది. ఇంటికి వచ్చి కొలిచాక తెలిసింది. అప్పటినుంచి ప్రతి కాగితం మూలనా 100 మి.మీ. గీత గీస్తున్నాను. స్కేలు పెట్టి చూశాకే డబ్బు ఇస్తాను.
3. తొమ్మిది తొనలు అంటించాక మిగిలిన ఖాళీ 176 మి.మీ. మిగిలిన మూడు తొనలకు కావలసింది 192.

మూడోది నిజమైన దెబ్బ. గోళం 752 దగ్గర ఆగిందని తెలిసీ పాత కొలతలతోనే ముద్రించడం ఒక తప్పు, కానీ దాని వాటా రెండు మి.మీ. మాత్రమే. మిగతా పదమూడున్నర కాగితం చేసింది. విడిగా 100 మి.మీ. ముక్కలు కోసి, గంజి రాసి, మూడు నిమిషాలు ఆగి కొలిచాను. కాగితంలోని నారల దిక్కున 100.4, నారలకు అడ్డంగా 101.8. నేను నారలు తొన పొడవునా ఉండేలా పెట్టాను. దాంతో ప్రతి తొనా వెడల్పులో మిల్లీమీటరు పైగా ఉబ్బింది, పన్నెండు కలిస్తే వేలెడంత.

తొనలను రాగిపలకల మీద అచ్చు వేసే కాలంలో ఈ చిక్కు రెండింతలు. కాగితాన్ని తడిపి పలక మీద ఒత్తేవారు. ఆరాక అది కుంచించుకుపోయేది. అంటించేటప్పుడు మళ్లీ తడిసి సాగేది. అంటే రాగి మీద చెక్కేవాడు ఏ కొలతకు చెక్కాలో కాగితాన్ని అడిగి తెలుసుకోవలసిందే.

ఈ దశ: 14 గంటలు, 390 రూపాయలు. ఇప్పటికి: 61 గంటలు, 2,030 రూపాయలు. తొనలు గోరువెచ్చని నీళ్లతో తడిపి పీకేశాను, సుద్ద రెండు చోట్ల లేచింది.

ఐదో దశ: తొనలు, రెండోసారి

మెర్కేటర్ తొనలను ధ్రువం దాకా తీసుకుపోలేదు. రెండు వైపులా 70 డిగ్రీల దగ్గర కోసి, ధ్రువాల మీద 20 డిగ్రీల వ్యాసార్ధం గల గుండ్రని టోపీలు విడిగా అంటించాడు. సన్నని పన్నెండు కొసలను ఒక్క బిందువు దగ్గర కలపడం కష్టం కాబట్టి అలా చేశాడని ఇంతకాలం అనుకున్నాను. అది నిజమే. అయితే టోపీ మరో పని కూడా చేస్తుంది: తొన పొడవులో వచ్చే తప్పును తన కింద దాచేస్తుంది. వెడల్పులో వచ్చే తప్పును దాచడానికి ఏ టోపీ లేదు, గోళం చుట్టూ తిరిగి మొదటి తొన దగ్గరే బయటపడుతుంది.

అందుకని నారల దిక్కు మార్చాను. ఇప్పుడు నారలు భూమధ్యరేఖ వెంట పోతాయి. ఎక్కువ సాగుడు ధ్రువాల వైపు పోతుంది, అక్కడ టోపీ కాచుకుని ఉంటుంది. నడిమి గీత సాగవలసిన అవసరమూ అలాగే తీరుతుంది.

కొత్త కొలతలు:

వెడల్పు: 752 ÷ 12 = 62.67. దాన్ని 1.004తో భాగిస్తే 62.4 మి.మీ. ముద్రణలో.
70 నుంచి 70 దాకా పొడవు: గోళం మీద 292.4. దాన్ని 1.018తో భాగిస్తే 287.2 మి.మీ. ముద్రణలో.
టోపీ వ్యాసార్ధం: 41.8, పైన అర మి.మీ. అంచు.

అంటించిన వరుస:

1. సుద్ద మీద పలుచని జిగురు నీళ్లు ఒక పూత. లేకపోతే సుద్ద గంజిలోని తడిని పీల్చేసి తొన కదలకుండా పట్టేస్తుంది.
2. పెన్సిల్‌తో భూమధ్యరేఖ, పన్నెండు రేఖాంశాలు.
3. గంజి రాసి గడియారం చూసి మూడు నిమిషాలు. పరీక్షలో ఎంత ఆగానో ఇక్కడా అంతే.
4. నడుమ నుంచి రెండు కొసల వైపు, తరువాత అంచులకు, కొమ్ము దువ్వెన వీపుతో రుద్దడం.
5. ఒకటి, ఏడు, నాలుగు, పది, ఆపైన మిగిలినవి. ఎదురెదురుగా పోతే తప్పు ఒకచోట పేరుకోదు.

చివరి తొన దగ్గర 0.7 మి.మీ. ఖాళీ మిగిలింది, దాన్ని రంగుతో పూడ్చాను. టోపీని చదునుగా కోస్తే దాని చుట్టుకొలత గోళం మీద ఉండవలసిన దానికన్నా ఐదు మి.మీ. ఎక్కువ. నాలుగు వైపులా చిన్న గాట్లు పెట్టి, బాగా తడిపి, బొటనవేలితో ఒత్తితే సర్దుకుంది. దక్షిణ టోపీలో మాత్రం ఒక మడత మిగిలింది. అక్కడ ఎలాగూ 1541 గ్లోబులో ఎవరూ చూడని ఊహా ఖండమే ఉంది.

అక్షరాల గురించి ఒక మాట. తీరరేఖలు పాత గ్లోబు ఛాయాచిత్రాలు చూసి గీశాను, పేర్లు మాత్రం తెలుగులో రాశాను. 1.8 మి.మీ. ఎత్తున రాస్తే ఒత్తులన్నీ సిరా ముద్దలయ్యాయి, ‘ఆస్ట్రియా’లో రావొత్తు కనబడనే లేదు. 2.6 మి.మీ. కన్నా తగ్గితే తెలుగు చదవలేం. తక్కువ చోటులో ఎక్కువ పేర్లు పట్టించడానికే మెర్కేటర్ వాలు అక్షరాలను ఎంచుకున్నాడు, ఆ రాత నేర్పడానికి 1540లో ఒక చిన్న పుస్తకమే వేశాడు. మన లిపికి కిందా పైనా చోటు కావాలి, వాల్చి లాభం లేదు. యూరప్‌లో సగం పేర్లు తీసేశాను.

వార్నిషుకు ముందు కాగితం మీద జిగురు నీళ్లు రెండు పూతలు తప్పనిసరి. ఒక పాత తొన మీద అవి లేకుండా వార్నిషు రాసి చూశాను, దోసె చుట్టిన కాగితంలా నూనె మచ్చలు తేలింది.

ఈ దశ: 11 గంటలు, 280 రూపాయలు. ఇప్పటికి: 72 గంటలు, 2,310 రూపాయలు.

ఆరో దశ: ఆకాశం

అదే అచ్చు, అదే పద్ధతి, రెండో బంతికి బూజు కూడా పట్టలేదు. తప్పంతా బొమ్మలోనే జరిగింది.

నక్షత్రాలను ఆకాశపటంలో ఉన్నట్టే గీసి ముద్రించాను. నాలుగు తొనలు బంతి మీద పొడిగా చుట్టి చూస్తే ఏదో తేడాగా ఉంది. దక్షిణం వైపు తిరిగి చూసేవారికి కృత్తికలు కుడివైపు, వాటికి ఎడమగా రోహిణి, ఇంకా ఎడమగా ఆర్ద్ర కనిపిస్తాయి. నా గోళం మీదా అలాగే ఉన్నాయి. అదే తప్పు. ఖగోళ గ్లోబును మనం బయటి నుంచి చూస్తాం, ఆకాశాన్ని లోపలి నుంచి. గోళం మీద కుడి ఎడమలు తారుమారు కావాలి: ఎడమ నుంచి కుడికి కృత్తిక, రోహిణి, ఆర్ద్ర. గంజి రాయకముందే పట్టుకున్నాను కాబట్టి కాగితం ఖర్చే పోయింది. ఈ మూడు పేర్లు బల్ల ముందు రాసిపెట్టుకోండి.

రెండో సంగతి తొనలు ఎక్కడ కలవాలన్నది. పాత ఖగోళాల్లో చాలావాటిలో తొనలు ఉత్తర ధ్రువం దగ్గర కాక, క్రాంతివృత్తపు (ఆకాశంలో సూర్యుడు ఏడాదిలో తిరిగే దారి) ధ్రువం దగ్గర కలుస్తాయి. ప్రాచీన ఖగోళవేత్త టోలమీ తన పట్టికలోని 1,022 నక్షత్రాలను క్రాంతివృత్తాన్ని బట్టే కొలిచాడు. అయనచలనం (భూమి ఇరుసు దిక్కు మెల్లగా మారడం) వల్ల అన్ని నక్షత్రాలూ ఆ వృత్తం వెంటే ఒకే మోతాదులో జరుగుతాయి, సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ. కాబట్టి పాత పట్టికకు ఒకే అంకె కూడితే కొత్త పట్టిక తయారు. 1551 నుంచి 2000 దాకా ఆ జరుగుడు 6.3 డిగ్రీలు. నా గోళం మీద 13 మి.మీ.

నేనూ అలాగే చేశాను. అయితే గోళం తిరిగే ఇరుసు ఉత్తర ధ్రువం దగ్గరే ఉండాలి. క్రాంతివృత్తపు ధ్రువం దానికి 23.4 డిగ్రీల దూరం, గోళం మీద 49 మి.మీ. టోపీ వ్యాసార్ధం 41.8 కాబట్టి ఇరుసు టోపీ అంచు దాటి 7 మి.మీ. అవతల, 90 డిగ్రీల రేఖాంశం మీద ఒక తొనను పొడుచుకుని వస్తుంది. దక్షిణాన 270 డిగ్రీల మీద. ఈ రెండు చోట్లా ముందే కన్నం కోసుకుని, ఇరుసుకు దూర్చి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఇరుసు 6 మి.మీ. ఇత్తడి కడ్డీ. బిగించాక చూస్తే ధ్రువ నక్షత్రం లేదు! 2000 నాటికి అది ధ్రువానికి ముప్పావు డిగ్రీ దూరంలో, అంటే గోళం మీద ఒకటిన్నర మి.మీ.లో ఉంది. కన్నం వ్యాసార్ధం మూడు. మెర్కేటర్ కాలంలో అది సుమారు మూడు డిగ్రీల దూరంలో ఉండేది కాబట్టి ఆయనకు ఈ చిక్కు రాలేదు. బయటికి వచ్చే భాగాన్ని 2 మి.మీ. ఉక్కు మొనగా మార్పించాను. అదనపు ఖర్చు 150 రూపాయలు, ధ్రువుడి కోసం.

అతుకుల గొడవే వద్దనుకున్నవారు లాహోరులో ఉండేవారు. 17వ శతాబ్దంలో అక్కడ ఒకే కుటుంబంలో నాలుగు తరాలవారు మైనపు అచ్చు పద్ధతిలో ఇత్తడి ఖగోళాలను ఒక్క ముక్కగా, బోలుగా పోతపోశారు. వాటికి తొనలు లేవు, కుట్లు లేవు, గంజి లేదు. ఇత్తడి కరిగించే కొలిమి నా దగ్గర లేదు కాబట్టి ఈర్ష్యపడి ఊరుకున్నాను.

ఈ దశ: 33 గంటలు, 1,150 రూపాయలు. ఇప్పటికి: 105 గంటలు, 3,460 రూపాయలు.

ఏడో దశ: పీఠం, వలయాలు

యామ్యోత్తర వలయం, అంటే గోళాన్ని ధ్రువాల దగ్గర పట్టుకుని నిలువుగా ఉండే చట్రం, 3 మి.మీ. ఇత్తడి పలక నుంచి కోయించాను, లోపలి వ్యాసం 246. గోళానికి, వలయానికి మధ్య మూడు మి.మీ. సందు. రెండు చాలనుకున్నాను కానీ వార్నిషు ఉబ్బు లెక్కలోకి రాలేదు, మొదటి వలయం దక్షిణార్ధాన్ని గీరింది. క్షితిజ వలయం, అంటే గోళం చుట్టూ అడ్డంగా ఉండే కట్టు, టేకు, నాలుగు ముక్కలు కలిపినది. నాలుగు కాళ్లు ఏటికొప్పాక తరహాలో తరిమెన పట్టించినవి.

ఈ దశ: 20 గంటలు, 1,900 రూపాయలు. మొత్తం: 125 గంటలు, 5,360 రూపాయలు.

పరీక్ష: ఖగోళాన్ని కాకినాడ అక్షాంశానికి, 17 డిగ్రీలకు వంచి, అగస్త్య నక్షత్రం ఇత్తడి వలయం కిందికి వచ్చేదాకా తిప్పాను. లెక్క ప్రకారం అది దక్షిణ క్షితిజానికి 20.3 డిగ్రీల ఎత్తున, అంటే టేకు వలయం పైన 42.4 మి.మీ. దగ్గర ఉండాలి. కొలిస్తే 39.5. ఉత్తరం వైపూ కొలిచాను, అక్కడా అంతే తగ్గింది. అంటే వంపు సరిగానే ఉంది, టేకు వలయమే మూడు మి.మీ. ఎత్తున కూర్చుంది. కాళ్ల పైకొసలు తరిమెన మీద మళ్లీ కోయించాలి. వచ్చే ఆదివారం ఆ పని.